ఇరవై మూడు నీలం బిళ్లలు

లింగ్యా మంచి పనివాడు. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను. ఎందుకంటే నేను చెప్పబోయేది విన్నవాళ్లు మొదట అతన్నే తిడతారు. మా తండాలో ఇప్పటికే నలుగురు తిట్టారు. వాళ్ల నోళ్లు మూయించలేక, ఒళ్లు మండి, చివరికి ఇలా కూర్చుని రాస్తున్నాను.

నా పేరు కమలాదేవి. మానుకోట వైపు గూడూరు దగ్గర మా తండాలో అంగన్‌వాడీ టీచర్ని. మా ఇళ్లలో మాట లంబాడీ, బడిలో బజారులో తెలుగు. లింగ్యాతో, అతని భార్య చాందీతో నేను రెండూ కలగలిపే మాట్లాడతాను. ఇక్కడ మాత్రం అంతా తెలుగులోనే పెడుతున్నాను. తండాలో ఇరవై మూడు ఇళ్లు. నీళ్ల ట్యాంకు పక్కన మొదటి ఇల్లు నాది. ట్యాంకు నుంచి ఒకటే పైపు అందరి వాకిళ్ల ముందు నుంచీ పోయి, చివర్లో కాస్త మిట్ట ఎక్కి, లింగ్యా ఇంటి దగ్గర ఆగిపోతుంది. పొద్దున ఒక గంట నీళ్లు వదులుతారు. ఇది గుర్తుపెట్టుకోండి, మేము గుర్తుపెట్టుకోలేదు.

లింగ్యా పదో తరగతి తప్పాక కాటారం వైపు పైపుల కోసం గుంతలు తవ్వే పనికి పోయాడు. గుంతలు తవ్వుతూ తవ్వుతూ పైపులు అతికించడం నేర్చాడు. తర్వాత జనగామ చేరి ఇళ్లలో నల్లాల పని పట్టాడు. వారమంతా అక్కడే ఒక గదిలో వండుకు తిని, శనివారం సాయంత్రం రైల్లో మానుకోటలో దిగి, బస్సెక్కి తండాకు వచ్చేవాడు. సోమవారం పొద్దున మళ్లీ ప్రయాణం. వచ్చిన ప్రతిసారీ మా అరుగు మీద కాసేపు కూర్చుని జనగామ కబుర్లు చెప్పేవాడు. గొప్పలు కావు. పని గురించి చెబుతుంటే ఆ మొహం చూడాలి!

జనగామలో చంద్రమ్మ అని ఒకామె ఇంట్లో, మేడ మీద స్నానాలగదిలో నీళ్లు సన్నగా వస్తున్నాయట. అంతకుముందు ముగ్గురు వచ్చి చూసి, ముగ్గురూ ఒకటే పాట, మోటరు పెట్టించమని. లింగ్యా పోయి పానా సంచిలోంచి తియ్యనే లేదు. ముందు ఒక మాట అడిగాడు.

"అవ్వా, గీ ఒక్క నల్లాకేనా, ఇంట్ల అన్నిటికీ గిట్లనేనా?"

తర్వాత ప్రతి నల్లా కిందా బకెట్ పెట్టి, ఫోన్లో టైం చూసుకుంటూ, ఏది ఎంతసేపట్లో నిండుతుందో కనిపెట్టాడు. కింద అన్నీ బాగానే ఉన్నాయి. మేడ మీద వేడినీళ్ల నల్లా కూడా బాగానే ఉంది. చన్నీళ్లది ఒక్కటే సన్నం. అంటే తప్పు ట్యాంకుది కాదు, ఆ చన్నీళ్ల పైపుది. దాని వెంట వేలు పెట్టుకుంటూ పోతే డాబా మీద ఒక వాల్వు దొరికింది. పిడి గిరగిరా తిరుగుతోంది గాని, లోపలి రేకు విరిగి సగానికి జారి నీళ్లకు అడ్డం పడి ఉంది. అది మార్చి, షవరు చిల్లుల్లో పేరుకున్న సున్నాన్ని నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి కడిగి ఇచ్చేశాడు. అరపూట పని. మోటరూ లేదు, గీటరూ లేదు.

"ముంగట బకెట్ పెట్టాలె అక్కా, ఎన్కనే పానా పట్టాలె. పైసలకు ఆశపడి ముంగట పానా పడితె పని ఖరాబైతది" అనేవాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా లింగ్యా రచ్చ గెలిచొచ్చి ఇంట్లో ఓడాడు. ఓడించింది నేను.

చలికాలం చివర్లో ఒక ఆదివారం. మా వాకిట్లో నల్లా దగ్గర బిందె పెట్టుకుని విసుగ్గా నిలబడి ఉన్నాను. ధార చిటికెనవేలంత లావు. ఎప్పుడూ అంతే, అందరికీ అంతే. ఎదురుగా లింగ్యా పోతున్నాడు. నా నోరు ఊరుకుంటుందా?

"ఏం లింగ్యా! జనగామల మేడలోళ్లకు ధారలు తెస్తవు. గీ అక్కకు మాత్రం గింత సన్న దారమేనా?"

నవ్వుతూ వచ్చాడు. నల్లా విప్పాడు. లోపల్నుంచి పావలా అంత నీలం ప్లాస్టిక్ బిళ్ల ఒకటి అతని అరచేతిలో పడింది. మధ్యలో చిన్న బెజ్జం. కనెక్షన్ ఇచ్చినప్పుడే ప్రతి ఇంటికీ అలాంటిది పెట్టారు. ఎందుకు పెట్టారో వాళ్లు చెప్పలేదు, మేము అడగలేదు.

"గిదే అడ్డం అక్కా. జనగామల షవర్లల్ల గిట్లాంటియే మస్తు తీసిన" అని నల్లా బిగించి తిప్పాడు. నీళ్లు విసురుగా వచ్చి నా చీర కుచ్చిళ్లన్నీ తడిపేశాయి. నలభై ఏళ్లదాన్ని, చిన్నపిల్లలా కేక వేశాను. ఆ కేక విని పక్కింటి పూల్‌సింగ్ మామ గోడ మీంచి తొంగి చూసి, "నాది గూడ తియ్యరా" అన్నాడు. ఆయన తర్వాత ఇంకొకరు. రెండు ఆదివారాల్లో మిట్ట దాకా అన్ని నల్లాలూ విప్పించుకున్నారు. ఒకరు చాయ్ పోశారు, ఒకరు జొన్నరొట్టె పెట్టారు. ఎవరు అడిగినా కాదనే అలవాటు లింగ్యాకు పుట్టుకతోనే లేదు.

అతను చేసిన పొరపాటు అంతా ఇక్కడే ఉంది. జనగామలో ఎవరి బోరు వాళ్లది, ఎవరి ట్యాంకు వాళ్లది. ఒకరింట్లో ధార పెంచితే పక్కింట్లో తగ్గదు. ఆ పద్ధతినే తీసుకొచ్చి, ఒకే పైపు మీద బతికే తండాలో పెట్టాడు. చంద్రమ్మ ఇంట్లో మొదట అడిగిన మాట ఇక్కడ అడగలేదు. సొంత ఊరు కదా, అడిగేదేముందనుకున్నాడు పాపం.

పనికొచ్చే చిన్న ముక్కను కూడా పారేసే మనిషి కాదు. తీసిన బిళ్లలన్నీ జేబులో వేసుకుని ఇంటికి పట్టుకుపోయాడు. వాటిని చూసి చాందీ మురిసిపోయింది. అప్పటికి ఆమెకు మూడో నెల.

చాందీ గురించి చెప్పాలి. పెళ్లై పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లూ నా అంగన్‌వాడీకి ఎవరి పిల్లలనో ఎత్తుకొచ్చి దింపి, వాళ్లు ఆడుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూసి పోయేది. గర్భిణుల పుస్తకంలో ఆమె పేరు రాసిన రోజున ఒక్కో అక్షరం నింపాదిగా రాశాను. ఆమె నా పక్కనే కూర్చుని, "అక్కా, మంచిగ రాసినవా? కొట్టేసెటట్టు రాయలేదు గదా?" అని రెండుసార్లు అడిగింది. నాలుగో నెల నుంచే పుట్టబోయే బిడ్డ ఉయ్యాల తొట్టెల మీద వేలాడదీసే ఆటబొమ్మ మొదలుపెట్టింది. ఎర్ర దారానికి ఒక గవ్వ, ఒక నీలం బిళ్ల, ఒక పూస, మళ్లీ గవ్వ. గాలికి ఊగితే గలగలమనేది. తండా ముసలమ్మలు తిట్టారు. బిడ్డ భూమ్మీద పడకముందే తొట్టెలకు సింగారం చేస్తే కీడంటారు మా వాళ్లు. చాందీ వినలేదు. పదకొండేళ్లు ఆగిన మనిషి ఇంకెంత ఆగుతుంది?

ఎండాకాలం వచ్చింది. మిట్ట మీద నీళ్లు సన్నగిల్లాయి. కింద మేము ఏం చేశామో చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. పూల్‌సింగ్ మామ నల్లాకు గొట్టం తగిలించి బర్రెలను కడిగాడు, మిరప మడికి పారించాడు. నేను బీరపాదు పెట్టాను. డ్రమ్ము నిండి పొర్లుతున్నా నల్లా కట్టలేదు. ఆ నీళ్లు మోరీలో పోతుంటే చూస్తూ పళ్లు తోముకున్నాను. గంట గడిచేసరికి చాందీ బిందెలో అడుగు మాత్రమే తడిసేది.

లింగ్యా ఆదివారం ఆదివారం తన నల్లాతో కుస్తీ పట్టాడు. ఒక వారం వాషరు మార్చాడు. ఒక వారం తన నల్లాలో మిగిలిన ఇరవై మూడో బిళ్ల తీసి పెళ్లానికిచ్చాడు. ఒక వారం మట్టి చేరిందేమోనని వాకిలంతా తవ్వి పైపు కడిగాడు. ఆఖరికి లావు పైపు వేశాడు. పైపు లావైంది గాని నీళ్లు లావు కాలేదు. అన్నీ తన గడపలోనే వెతికాడు. వారానికి ఒక్క రోజు వచ్చేవాడు, అందులో నీళ్లు వచ్చేది ఒక్క గంట. జనగామలో బకెట్ పట్టుకుని ఇల్లంతా తిరిగే మనిషి, సొంత ఇంటి దగ్గరికొచ్చేసరికి కంగారులో ముందు పానా పట్టాడు.

ఆరో నెలలో నేను గుడ్లు ఇవ్వడానికి పోయి, ఉద్యోగం కదా, మా పుస్తకంలో ఉన్న ముక్క చదివినట్టు చెప్పాను. "బరువులు ఎత్తద్దు చాందీ."

"నీళ్లు వస్తలేవు అక్కా. పొలంకాడి బోరు నుంచి తెచ్చుకుంటున్న. రోజుకు రెండు బిందెలన్న గావాలె గదా."

"మీ ఆయనకు చెప్పరాదు? ఊరందరికి చేస్తడు, నీకు చెయ్యడా?" అని నవ్వాను. నవ్వి ఇంటికొచ్చాను. మా డ్రమ్ము నిండుగా ఉంది. ఈ నోరు పడిపోయినా బాగుండేది ఆ రోజు.

ఏడో నెల. పొద్దున ఎనిమిదికే ఎండ చురచురలాడుతోంది. చాందీ తల మీద ఒక బిందె, చంకలో ఒక బిందె పెట్టుకుని పొలం గట్టు మీద వస్తూ జారింది. బిందె కడుపు కిందికి వచ్చేట్టు బోర్లా పడింది. కోతకు పోయిన ఆడవాళ్లు అరుస్తూ మోసుకొచ్చారు. ఆటోలో మానుకోట దవాఖానకు నేనే తీసుకుపోయాను. దారంతా నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట అంది. "కదుల్తుంది గదా అక్కా? కదుల్తుంది గదా?" నేను ఆమె కడుపు మీద చెయ్యి పెట్టి, కదులుతోందని అబద్ధం చెప్పాను.

పడ్డ దెబ్బకు లోపల మాయ విడిపోయిందట. ఆడపిల్ల. జుట్టు ఒత్తుగా ఉంది. ఊపిరి లేదు. లింగ్యా జనగామ నుంచి పనిబట్టలతోనే వచ్చాడు, జేబులో పానా అలాగే ఉంది. డాక్టరమ్మ బట్టలో చుట్టి చేతికిస్తే రెండు చేతులా తీసుకుని, ఎక్కడ కూర్చోవాలో తెలియక, అటూ ఇటూ చూస్తూ నిలబడిపోయాడు. మర్నాడు సాయంత్రం చాందీని ఇంటికి తెచ్చాక, బిడ్డను వాళ్ల చేను గట్టున పాతిపెట్టారు. పాతే ముందు చాందీ బిడ్డను ఒక్క నిమిషం ఇమ్మని తీసుకుని, గుడ్డ లోపల ఏదో సర్ది ఇచ్చింది. ఏమిటో ఎవరూ అడగలేదు.

మూడో రోజుకు చాందీకి పాలొచ్చాయి. తాగే నోరు లేదు. రొమ్ములు రాళ్లయి నొప్పికి మూలుగుతుంటే నేనే బట్టతో గట్టిగా కట్టాను. కట్టేటప్పుడు అంది.

"నేనే సంపుకున్న అక్కా. తొట్టెలకు ముందే కట్టద్దని అవ్వలు మొత్తుకున్నరు. ఇన్నానా? నా చేతులే నా బిడ్డను తిన్నయి."

"గట్ల అనద్దే" అని ఏడ్చాను తప్ప, ఏం చెప్పాలో నాకు అప్పటికి తెలియదు.

తొమ్మిదో రోజు పొద్దున నీళ్లు వదిలే వేళకు లింగ్యా బకెట్, ఫోను పట్టుకుని మిట్ట దిగాడు. తన నల్లా కింద బకెట్ పెట్టి చూశాడట, పావుగంటకు అడుగు కూడా నిండలేదు. ఇవతలింట్లో పెట్టాడు, పది నిమిషాలు. నడిమిళ్లలో మూడు. పూల్‌సింగ్ మామ ఇంట్లో ఒకటి. మా ఇంటికొచ్చేసరికి నలభై సెకన్లలో బకెట్ నిండి పొర్లింది. ఆ పొర్లే నీళ్లను చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, "అక్కా, మామా, మీరు ముంగటి పది ఇండ్లోళ్లు జర నల్లాలు బందు చెయ్యున్రి. పది నిమిషాలు" అన్నాడు. కట్టేశాం. అతను బకెట్ పట్టుకుని మిట్ట మీదికి పరిగెత్తాడు. మేమంతా వెనకాలే పోయాం.

చాందీ ఇంటి నల్లాలో నీళ్లు విసురుగా వస్తున్నాయి. నాలుగు నెలలుగా రాని నీళ్లు. బకెట్ నిండింది, పొర్లింది, వాకిలంతా పారింది. లింగ్యా ఆ తడిలోనే కూలబడి, "నేనే తీసిన. ఇంటింటికి పోయి నేనే తీసిన" అని తల బాదుకున్నాడు. పూల్‌సింగ్ మామ తలపాగా తీసి మొహం కప్పుకున్నాడు. మిగతావాళ్లలో కొందరు, అవును వీడే తీశాడన్నారు. చాయ్ పోసి తీయించుకున్న మూతులే అవి! ఒక్కొక్కరి మూతి మీద చెంబు పెట్టి కొట్టాలనిపించింది. కాని ముందుగా కొట్టాల్సింది నన్నే, అందుకే ఊరుకున్నాను.

బిళ్లలన్నీ మళ్లీ పెట్టెయ్యాలి. అప్పుడే అందరికీ సమంగా నీళ్లు అందుతాయి. మానుకోటలో అడిగితే అలాంటివి దుకాణాల్లో దొరకవన్నారు. లింగ్యా చెప్పుల రబ్బరు కోసి ఒకటి చేశాడు, నీళ్లకు ఉబ్బి నల్లానే మూసుకుపోయింది. ఉన్నవి చాందీ కట్టిన దారం మీదే ఉన్నాయి. ఆ దారం ఇంకా దూలానికి వేలాడుతోంది. తియ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

"నువ్వడుగు అక్కా. నాతోని గాదు" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, నిజమే. కాని చాందీ తన చేతుల్ని తనే తిట్టుకుంటూ కూర్చుంది. ఆమెకు ఎవరో ఒకరు నిజం చెప్పాలి. నేను పోయాను.

గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. మా నల్లా, నా చీర తడవడం, నా కేక, పూల్‌సింగ్ మామ, బీరపాదు, పొర్లిన డ్రమ్ము. ఏదీ దాచలేదు. "తప్పు నీ దారానిది గాదు చాందీ. నీ చేతులది అసలే గాదు. నీళ్లది. నీ వాటా నీళ్లు మేం తాగినం. మొదలు పెట్టింది నేను."

చాందీ గొంతు పెంచకుండానే అంది.

"ఒక చేత్తోని గుడ్డు పెట్టినవ్. ఇంకో చేత్తోని నీళ్లు గుంజుకున్నవ్."

"అవును" అన్నాను.

"నీ బీరపాదు కాసిందా అక్కా?"

తెలిసే అడిగింది. కాసింది. మొదటి కాయలు ఆమెకే ఇచ్చాను, కడుపుతో ఉందని.

చాందీ లేచింది. దూలానికున్న దారం విప్పి ఒళ్లో పెట్టుకుని పంటితో ముడి కొరికింది. గవ్వలు ఒక పక్కకు, పూసలు ఒక పక్కకు, బిళ్లలు నా కొంగులోకి. ఒక్కొక్కటి వేస్తూ లెక్కపెట్టింది. ఇరవై రెండు దగ్గర ఆగింది.

"ఇంకోటి?" అన్నాను, బుద్ధి లేనిదాన్ని.

"దాని చేతికి కట్టిన" అంది చాందీ. "ఆడుకోనికె ఏదో ఒకటి ఉండాలె గదా."

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నా వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువు నేను బతికున్నంత కాలం మోస్తాను.

లింగ్యా తన ఇంటి నుంచి మొదలుపెట్టి ట్యాంకు వైపు వచ్చాడు. ఎవరూ అడ్డం చెప్పలేదు, పూల్‌సింగ్ మామ గొట్టం కోసి పారేశాడు. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి జేబు ఖాళీ. నల్లా విప్పబోయి, జేబు తడుముకుని, నా మొహం చూశాడు. చాందీ అతనికి కూడా చెప్పినట్టుంది.

"నాకొద్దు లింగ్యా. నేనే సూసుకుంట" అన్నాను.

ఇప్పుడూ జనగామలోనే పని. మునుపటిలా అరుగు మీద కూర్చోడు, కబుర్లు చెప్పడు. చంద్రమ్మే ఒకసారి, లింగ్యా ఎప్పుడో ఇచ్చిన నా నంబరుకు ఫోన్ చేసి అడిగింది, "మీ లింగ్యాకు ఏమైందమ్మా?" అని. ఎవరింటికి పోయినా పానా తియ్యకముందు కొత్త ప్రశ్న ఒకటి అడుగుతున్నాడట. "ఈ లైను మీద ఆఖరి ఇల్లు ఎవలది?" అని. మాది సొంత ట్యాంకు, మా నల్లా సంగతి చూడవయ్యా అంటే కూడా, పోయి చూసొచ్చిన తర్వాతే పనిలో దిగుతాడట.

చాందీ మళ్లీ నా అంగన్‌వాడీ గుమ్మం దగ్గర నిలబడుతోంది. లోపలికి రమ్మంటే రాదు.

మా నల్లాకు మాత్రం బిళ్ల లేదు. అందుకని పొద్దున నీళ్లు వదలగానే నేను సగమే తిప్పి, చిటికెనవేలంత ధార పెట్టుకుని, బిందె దగ్గరే నిలబడతాను. మిట్ట మీద చాందీ బిందె నిండి, ఆమె దాన్ని ఎత్తి లోపలికి పోవడం ఇక్కడికి కనిపిస్తుంది. అది చూశాక నా నల్లా కట్టేస్తాను.